1966 ఎంజీబీ ఇంజిన్ బే: కడగడం, తుప్పు తీయడం, ఉప్పుగాలికి నిలిచేలా మళ్లీ రంగు వేయడం

#1 కోనసీమ రోడ్‌స్టర్ (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. కారు 1966 ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటిష్ ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. మొన్నమొన్నటి దాకా నీలగిరిలో ఒక ఎస్టేట్ షెడ్డులో ఉండేది. అక్కడ ఉన్నంతకాలం బానెట్ కింద మురికి ఉండేదే గానీ తుప్పు పెద్దగా లేదు. ఇక్కడికి తెచ్చి రెండు వానాకాలాలు దాటేసరికి కథ మారిపోయింది. అల్యూమినియం భాగాల మీద తెల్లటి పిండి లేస్తోంది. రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) మీద పాత రంగు రేకులు రేకులుగా ఊడుతోంది. క్లిప్పులు, బ్రాకెట్లు, బోల్టు తలలు అన్నీ ఎర్రబడ్డాయి. బ్రేక్ మాస్టర్ సిలిండర్ కింద రంగు పూర్తిగా పోయి రేకు బయటపడింది.

ఇంజిన్ బాగానే నడుస్తోంది కాబట్టి దింపే ఉద్దేశం లేదు. పైనున్న భాగాలు విప్పి, శుభ్రం చేసి, రంగు వేసి బిగించాలని ప్లాన్. ఎగ్జిబిషన్‌కి పెట్టే కారు కాదు. ఆదివారం అంతర్వేది దాకా వెళ్లి రావడానికి. ఏ వరసలో చేయాలి? దేనికి పాలిష్, దేనికి రంగు? మన చుట్టుపక్కల ఏ పని ఎక్కడ అవుతుంది?

#2 పాత అంబాసిడర్ (రాజమండ్రి)

మీరు అదృష్టవంతులండి. మీది బీ సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా అదే కుటుంబం. మా నాన్నగారి గ్యారేజీలో ఈ ఇంజిన్ బొమ్మ చూడకుండా గడిచిన రోజు లేదు. కాబట్టి విలాయతీ కారని టెన్షన్ పడకండి, పాత అంబాసిడర్ మేస్త్రి ఎవరు బానెట్ ఎత్తినా చుట్టరికం కలుపుతాడు. మరలు కూడా యూఎన్ఎఫ్ కొలతలే, అంటే అంగుళాల లెక్క. మామూలు మిల్లీమీటర్ స్పానర్లతో తిప్పి నట్టు అంచులు గుండ్రం చేయకండి, అంతే.

విప్పే ముందు ఫొటోలు తీయండి. ఒక్కో భాగానికి కనీసం నాలుగు వైపుల నుంచి. ఇన్‌లెట్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపున, ఎడమ పక్క ఉంటాయి. మధ్యలో కొన్ని స్టడ్‌లకి (తల లేని బోల్టులకి) ఒకే మందపాటి వాషర్ రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. ఆ వాషర్లు పారేసుకుంటే మామూలు వాషర్‌తో పని జరగదు, గాలి లాగేస్తుంది. ఒక్కో చోటి నట్లు ఒక్కో కవర్లో వేసి పేరు రాసి పెట్టండి.

#3 చెరువుగట్టు జీప్ (భీమవరం)

ఇంత తతంగం ఎందుకు బాబాయ్. బ్యాటరీ విప్పేసి సర్వీస్ స్టేషన్‌కి తీసుకెళ్లు. ప్రెషర్ గన్‌తో ఫోమ్ కొట్టి కడిగితే పావుగంటలో తెల్లగా వచ్చేస్తుంది. విప్పిన సామానంతా బోరింగ్ షాపులో కాస్టిక్ ట్యాంకులో ఒక పూట ముంచమను. నా జీపుకి అదే చేయించా.

#4 తుప్పు డాక్టర్ (కాకినాడ)

జీప్ గారూ, మీ సలహాలో మూడు చోట్ల ఆగాలి. నా ఉద్యోగమే పోర్టులో ఇనుప కట్టడాలకి వేసిన పెయింటు తనిఖీ చేయడం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటిది నీళ్లు. భీమవరం చుట్టూ, కోనసీమ సముద్రం వైపు బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. సర్వీస్ స్టేషన్లలో వాడేది ఆ నీళ్లే. వాటితో కడిగి ఆరబెడితే నీరు పోతుంది, ఉప్పు రేకు మీద మిగులుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా కింద ఉప్పు తేమని లాగుతూనే ఉంటుంది. పెయింటు పొర గుండా నీటి ఆవిరి సన్నగా లోపలికి చేరి, అక్కడ చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. పొక్కు గిల్లితే లోపల తడి, దాని కింద తుప్పు. "రంగు వేసి ఆరు నెలలు కాలేదు, మళ్లీ వచ్చింది" అని మనవాళ్లు పెయింటుని తిట్టుకునే వాటిలో సగం కేసులు ఇవే. బోరు నీళ్లతో కడిగినా పర్వాలేదు గానీ ఆఖరి కడుగు మాత్రం ఆర్ఓ ప్లాంటు నీళ్లతో చేయండి. 20 లీటర్ల టిన్ను ఒకటి చాలు.

రెండోది ప్రెషర్ గన్. అరవై ఏళ్ల నాటి డైనమో, డిస్ట్రిబ్యూటర్, వాటర్ పంపు బేరింగు సీళ్లు ఆ ఒత్తిడికి చేసినవి కావు. కార్బురేటర్ మూతుల్లోకి నీళ్లు పోతే అదో తలనొప్పి. బ్రష్షు, డబ్బా, గుడ్డ ముక్కలు చాలు.

మూడోది కాస్టిక్. కాస్టిక్ సోడా ఇనుముని ఏమీ చేయదు, జిడ్డూ పాత రంగూ తీసేస్తుంది. కానీ అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ బుడగలు కక్కుతూ. ఎస్‌యూ కార్బురేటరూ ఇన్‌లెట్ మానిఫోల్డూ అందులో వేస్తే సాయంత్రానికి నల్లబడి, గుంటలు పడి తేలతాయి.

#5 కోనసీమ రోడ్‌స్టర్

డాక్టర్ గారూ, ఆర్ఓ నీళ్ల సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదండి. మాది అల్లవరం రోడ్డు, బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం.

జీప్ గారూ, ఈ కారుకి బానెట్ కింద బ్యాటరీ ఉండదండి. రెండు 6 వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనక, నేల కింద పెట్టెల్లో ఉంటాయి. పైగా 1967 దాకా వచ్చిన వాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలుపుతారు. మొన్న మా వీధి ఎలక్ట్రీషియన్ చూసి "ఎవడో తిరగేసి కట్టాడు సార్" అని మార్చబోయాడు, సమయానికి ఆపాను.

#6 చెరువుగట్టు జీప్

ఆయ్! అదీ సంగతి. అయితే బ్యాటరీ ఆసిడ్ కారి బే పాడవడం అనేది మీకు లేదన్నమాట. కాస్టిక్ మాట వెనక్కి తీసుకుంటున్నా, నా జీపుకి అల్యూమినియం సామాను పెద్దగా లేదు. ప్రెషర్ గన్ మాట మాత్రం తీసుకోను 😀

#7 పాలకొల్లు టు డల్లాస్

ఇక్కడ నా పాత మాజ్డా మియాటా కారుకి ఇదే పని చేయించానండి. వేపర్ బ్లాస్టింగ్ అని ఉంటుంది. నీళ్లూ సన్నటి గాజు పూసలూ కలిపి కొడతారు. అల్యూమినియం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు పట్టులాంటి మెరుపుతో వస్తుంది. పొడి బ్లాస్టింగ్‌లా ఉపరితలం గరుకు కాదు, మురికి అంత తొందరగా పట్టదు. దాని మీద సిరామిక్ కోటింగ్ వేయించండి.

#8 లంక కుర్రాడు (కె.గంగవరం)

అన్నా, డల్లాస్ నుంచి కొరియర్‌లో పంపుతావా ఆ మిషను?

ఇక్కడ మాకు గోదారి ఇసుక ఉంది. గేట్లకి, ట్రాక్టర్ ట్రక్కులకి ఇసుక బ్లాస్టింగ్ చేసేవాళ్లు ఉన్నారు. అది చేయిస్తే పోదా?

#9 తుప్పు డాక్టర్

తమ్ముడూ, ఇసుక వద్దు. గోదారి ఇసుకలో ఎక్కువ భాగం సిలికా. బ్లాస్టింగ్‌లో అది పగిలి కంటికి కనపడనంత సన్నటి పొడి అవుతుంది. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. ఆ జబ్బుకి మందు లేదు. చాలా దేశాల్లో బ్లాస్టింగ్‌కి ఇసుక వాడకూడదని చట్టమే ఉంది. ముఖానికి తువ్వాలు కట్టుకుని చేసే కుర్రాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

కారు సంగతి వేరే. రాకర్ కవర్ లోపల పొగని, నూనెని వేరు చేసే రేకు అర ఉంటుంది. దాని వెనక ఒక్క చెంచా ఇసుక ఇరుక్కున్నా మీరెంత కడిగినా పూర్తిగా రాదు. ఇంజిన్ వేడెక్కాక నూనెతో పాటు కిందికి దిగి బేరింగుల్లోకి వెళుతుంది. ఇన్‌లెట్ మానిఫోల్డ్ కూడా అంతే. లోపల నూనె గానీ గాలి గానీ ప్రయాణించే ఏ భాగాన్నీ బ్లాస్టింగ్‌కి ఇవ్వకండి. బ్రాకెట్లు, ఫ్యాను, పుల్లీ, హీట్ షీల్డ్ రేకు లాంటివి గాజు పూసలతో చేసే చోటు దొరికితే ఇవ్వొచ్చు.

హీట్ షీల్డ్ అన్నాను కాబట్టి ఇంకోమాట. కార్బురేటర్ల వెనక ఉండే ఆ రేకుకి ఆ రోజుల్లో ఆస్బెస్టాస్ పొర అతికించేవారు. మీది అసలుదే అయితే దాన్ని ఎండుగా గీకొద్దు, వైరు బ్రష్ పెట్టొద్దు. నీళ్లతో బాగా తడిపి, తడిమీదే ఊడదీసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టేయండి. పాత మానిఫోల్డ్ గాస్కెట్‌కి కూడా అదే జాగ్రత్త.

#10 కోనసీమ రోడ్‌స్టర్

అసలుదేనండి. బూడిద రంగులో, అంచులు పొడిపొడిగా ఉంది. గీకుదామని స్క్రాపర్ కూడా కొని పెట్టుకున్నాను. ఆపేశా.

#11 నిమ్మ ఉప్పు (రావులపాలెం)

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇంట్లో నాన్నగారి లాంబ్రెటా ఉంది, దాని సామాను అంతా నేనే శుభ్రం చేశాను. చిన్న ఇనుప భాగాలకి ఇంత హడావిడి అవసరం లేదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ ఆసిడ్. లీటరు గోరువెచ్చటి నీటికి 50 నుంచి 100 గ్రాములు. ముందు జిడ్డు పూర్తిగా పోవాలి, లేకపోతే ఆసిడ్ లోహాన్ని తాకదు. డీజిల్‌తో తోమి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో వేడినీళ్లలో కడగండి. చేతికి జారకుండా కరకరమని తగలాలి. అప్పుడు ప్లాస్టిక్ బకెట్లో ముంచండి. గంటకోసారి తీసి చూడండి, రాత్రంతా వదిలేయకండి. పోత ఇనుము మీద నల్లటి మసి తేలుతుంది, భయపడొద్దు, నైలాన్ బ్రష్‌కి పోతుంది.

తీశాక అసలు పని. తినేసోడా కలిపిన నీళ్లలో ఒకసారి ముంచి, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. "వెంటనే" అంటే మన తేమలో నిజంగానే వెంటనే. తుడుస్తూ ఫోన్ మాట్లాడితే చాలు, కళ్ల ముందే నారింజ రంగు పూత వచ్చేస్తుంది. నేను హెయిర్ డ్రయ్యర్ పెడతాను. చెయ్యి కాలేంత వేడెక్కాక తీసి ప్రైమర్ వేస్తాను.

బాత్రూమ్ ఆసిడ్ వాడేవాళ్లు ఉన్నారు, అది హైడ్రోక్లోరిక్. పని తొందరగా చేస్తుంది. కానీ దాని ఆవిరికి షెడ్డులో ఉన్న పనిముట్లన్నీ తుప్పు పడతాయి. అందులో ఉండేది క్లోరైడే కాబట్టి డాక్టర్ గారు చెప్పిన ఉప్పు సమస్య మనం చేతులారా తెచ్చుకున్నట్టు.

ఇంకో జాగ్రత్త. స్ప్రింగులు, గట్టి రకం బోల్టులు ఏ ఆసిడ్‌లోనూ వేయొద్దు. ఆసిడ్ లోహాన్ని తాకినప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి ఇంకి పెళుసు చేస్తుంది. పైకి బాగానే కనపడుతుంది, ఒక రోజు బిగిస్తుండగా టక్కున విరుగుతుంది. ఎస్‌యూ కార్బురేటర్ల థ్రాటిల్ స్ప్రింగులు బ్రష్‌తో తోమి నూనె రాయండి చాలు.

#12 పాత అంబాసిడర్

మేడమ్ గారూ, స్ప్రింగుల మాట మా నాన్నగారు కూడా చెప్పేవారు. కారణం మాత్రం ఇవాళే తెలిసింది.

జింక్ ప్లేటింగ్‌కి ఇచ్చినా ఇదే సమస్య కదండీ? విజయవాడ ఆటోనగర్‌లో బోల్టులు కిలోల లెక్కన ప్లేటింగ్ చేయించుకొస్తారు చాలామంది.

#13 నిమ్మ ఉప్పు

అవునండి. మామూలు మెత్తటి బోల్టులకి ఇబ్బంది లేదు. గట్టి రకానికి ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల దగ్గర్లో కొన్ని గంటలు ఓవెన్లో పెట్టాలి, అప్పుడు హైడ్రోజన్ బయటికి పోతుంది. ఆ ఓవెన్ లేని చోట హెడ్ నట్లు, స్టీరింగ్ బోల్టులు ఇవ్వకండి. అవి కొత్తవి కొనుక్కోవడమే మంచిది.

#14 గూడెం పౌడర్ (తాడేపల్లిగూడెం)

మాది పౌడర్ కోటింగ్ షాపు. ఎక్కువగా కిటికీ ఫ్రేములు, గ్రిల్స్. అప్పుడప్పుడు బుల్లెట్ సామాను వస్తుంది. ఎంజీబీ ఎప్పుడూ రాలేదు, తీసుకురండి సార్, చూడాలని ఉంది.

రాకర్ కవర్, ఫ్యాన్, బ్రాకెట్లు, ఎయిర్ క్లీనర్ డబ్బాలు ఇవ్వొచ్చు. ఓవెన్ 180 నుంచి 200 డిగ్రీలు కాబట్టి కార్క్ గాస్కెట్, రబ్బరు బుష్షులు, ప్లాస్టిక్ మూతలు అన్నీ తీసేసి తేవాలి. టంకం వేసిన భాగాలు వద్దు, కరిగిపోతుంది. పాత అల్యూమినియం పోత భాగాల్లో నూనె పీల్చుకుని ఉంటుంది. ఓవెన్లో అది బుడగలుగా బయటికొచ్చి రంగు మీద గుంటలు పడతాయి. అందుకని ముందు ఖాళీగా ఒకసారి కాల్చి, తర్వాత పౌడర్ కొడతాం.

ఎర్త్ వైరు బిగించే చోట, గాస్కెట్ కూర్చునే అంచుల్లో టేపు వేయమని ముందే చెప్పండి. పౌడర్ పొర కరెంటు పోనివ్వదు. రంగు బాగుందని ఇంటికెళ్లి బిగించాక "బండి స్టార్ట్ అవట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లని చూశాను.

#15 తుప్పు డాక్టర్

పౌడర్ కోటింగ్ మంచిదే. కానీ ఒక రాయి దెబ్బకి గీత పడితే ఉప్పుగాలి ఆ గీతలోంచి దూరి, పొర కింద పాకుతూ పోతుంది. పైకి నిగనిగ, లోపల తుప్పు. ఇంజిన్ బేలో స్పానర్ తగిలే భాగాలకి నేనైతే ఎపాక్సీ ప్రైమర్, పైన ఎనామిల్ వేస్తాను. గీత పడితే బ్రష్‌తో దిద్దుకోవచ్చు.

#16 కోనసీమ రోడ్‌స్టర్

రాకర్ కవర్, ఫ్యాన్ గూడెం గారికి. మిగతావి ఇంట్లో. ఇప్పుడు కొత్త తలనొప్పి. థర్మోస్టాట్ హౌసింగ్ కదలడం లేదు. మూడు నట్లూ వచ్చేశాయి, హౌసింగ్ మాత్రం స్టడ్‌లకి అంటుకుపోయింది. సుత్తితో కొట్టాలంటే భయంగా ఉంది.

#17 పాత అంబాసిడర్

కొట్టకండి! ఈ ఇంజిన్ తెలిసిన ప్రతివాడికీ ఇది అనుభవమే. ఉక్కు స్టడ్, అల్యూమినియం హౌసింగ్, మధ్యలో కూలెంట్ తడి. రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తెల్లగా పొంగి, స్టడ్ చుట్టూ సిమెంటులా గట్టిపడుతుంది. పక్కనుంచి కొడితే హౌసింగ్ చెవి విరుగుతుంది, లేదా స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. రెండోది జరిగితే పని పెద్దదవుతుంది.

స్టడ్ చుట్టూ పెనట్రేటింగ్ ఆయిల్ వేయండి, పొద్దున్నా సాయంత్రమూ, రెండు మూడు రోజులు. తర్వాత హౌసింగ్‌ని హీట్ గన్‌తో వేడి చేయండి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సందు వస్తుంది. మళ్లీ ఆయిల్, మళ్లీ వేడి. చెక్క ముక్క అడ్డం పెట్టి అటూ ఇటూ సన్నగా తట్టండి. సుత్తి బరువు కాదు, ఓపిక. చిర్రుమని చిన్న చప్పుడు వచ్చి ఒక వెంట్రుకవాసి కదులుతుంది. అక్కడినుంచి తిప్పుతూ పైకి లాగడమే. ఎంతకీ రాకపోతే హౌసింగ్ కోసేయండి, కొత్తది దొరుకుతుంది. స్టడ్‌ని మాత్రం కాపాడుకోండి. మళ్లీ బిగించేటప్పుడు స్టడ్‌లకి యాంటీ సీజ్ (అంటుకుపోకుండా చేసే పేస్టు) రాయండి.

అక్కడే ఇంకొకటి. మీ కారుకి టెంపరేచర్ మీటరు కరెంటుతో పనిచేసేది కాదు. సిలిండర్ హెడ్ నుంచి మీటరు దాకా సన్నటి గొట్టం పోతుంది, అందులో ద్రవం ఉంటుంది. హెడ్ దగ్గర నట్టు తిప్పేటప్పుడు గొట్టం కూడా మెలి తిరిగితే తెగుతుంది, మీటరు పోయినట్టే. గొట్టాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని నట్టు మాత్రమే తిప్పండి. లేదంటే ముట్టుకోకుండా వదిలేయండి.

#18 లంక కుర్రాడు

వెనకాల ఆ పెద్ద రేకు డబ్బా ఏంటి అన్నా ఫొటోలో?

#19 కోనసీమ రోడ్‌స్టర్

హీటర్ తమ్ముడూ.

#20 లంక కుర్రాడు

అమలాపురంలో హీటరా 😂 మే నెలలో ఒకసారి వేసి వీడియో పెట్టన్నా.

#21 చెరువుగట్టు జీప్

కార్బురేటర్ల డోములు మాత్రం అద్దంలా పాలిష్ చేయించాలి, రోడ్‌స్టర్ గారూ. బానెట్ ఎత్తగానే కళ్లు అక్కడికే పోతాయి. స్టీలు గిన్నెలకి బఫింగ్ చేసే షాపులో ఇస్తే గంటలో మొహం చూసుకోవచ్చు.

#22 పాత అంబాసిడర్

డోము పైభాగం వరకు సరే. లోపల మాత్రం వేలితో కూడా రుద్దొద్దు. ఎస్‌యూలో పిస్టన్, దాని డోము జతగా చేసినవి, మధ్య సందు చాలా సన్నం. ఎమరీ పేపర్ పెట్టి ఒక్క రుద్దు రుద్దినా సందు మారిపోయి గాలి కారుతుంది, ఇంజిన్ ఐడిల్ చెదిరిపోతుంది. రెండు కార్బురేటర్ల డోములు ఒకదానిది ఒకదానికి మార్చకూడదు. విప్పేటప్పుడే ముందుది, వెనకది అని గుర్తు పెట్టుకోండి. లోపల పెట్రోల్ తడిపిన మెత్తటి గుడ్డ చాలు. బిగించాక పిస్టన్ పైకెత్తి వదిలితే టక్ మని శబ్దం చేస్తూ కింద కూర్చోవాలి. పైన డ్యాంపర్‌లో 20 గ్రేడు ఇంజిన్ ఆయిల్.

బఫింగ్ కుర్రాడికి ఇచ్చేటప్పుడు నోళ్లన్నీ టేపుతో మూసి ఇవ్వండి. వాళ్లకి అది గిన్నె, మీకు కార్బురేటర్.

#23 తుప్పు డాక్టర్

అద్దంలా చేయించడం తేలికే, నిలబెట్టడం కష్టం. మన గాలికి పాలిష్ చేసిన అల్యూమినియం వారాల్లోనే మసకబారుతుంది. కాపాడదామని క్లియర్ లాకర్ కొడతారు. వేడికి అది పసుపెక్కుతుంది, ఒక అంచున తేమ దూరి దాని కింద తెల్లటి పురుగు పాకినట్టు గీతలు పడతాయి. ఆ తర్వాత లాకర్ తీయడం పాలిష్ కంటే పెద్ద పని. సన్నటి స్కాచ్ బ్రైట్‌తో ఒకే దిశలో రుద్ది, మామూలు కార్ మైనం పూసి వదిలేయండి. నెలకోసారి మళ్లీ మైనం. ఫ్యాక్టరీ నుంచి కూడా ఇవి అద్దంలా రాలేదు.

#24 చెరువుగట్టు జీప్

మెరుపు లేని కారు పెళ్లికి లుంగీ కట్టుకెళ్లినట్టు ఉంటుందండీ డాక్టరు గారూ. నేను ఒప్పుకోను.

#25 కోనసీమ రోడ్‌స్టర్

మైనమే నాకు నచ్చింది. జీప్ గారికి ఒక్క డోము మెరిపించి చూపిస్తాలెండి.

రంగుల సంగతి చెప్పండి. ఇంజిన్ మీద మురికి తీసిన చోట మెరూన్ లాంటి ఎరుపు కనపడుతోంది. అదే అసలు రంగా? రేడియేటర్‌కి ఏం వేయాలి? ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి?

#26 పాలకొల్లు టు డల్లాస్

అసలుదే. ఆ కాలం ఎంజీబీ ఇంజిన్లు మెరూన్ ఎరుపు. తర్వాత, 1970ల్లో వచ్చినవి నలుపు.

#27 తుప్పు డాక్టర్

బ్లాకు కారులోనే ఉంది కాబట్టి స్ప్రే పెట్టుకోకండి, అన్నిటి మీదా పడుతుంది. మంచి బ్రష్‌తో ఎనామిల్ రెండు పల్చటి పూతలు. బ్రష్ గీతలు ఆరేటప్పటికి సర్దుకుంటాయి. టూ ప్యాక్ పీయూ (హార్డెనర్ కలిపి వేసే పాలీయురేథేన్ రంగు) వేద్దామనుకుంటే ఒకమాట. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. స్ప్రే చేస్తే గుడ్డ మాస్కు, కరోనా నాటి మాస్కు దేనికీ పనికిరావు, బయటినుంచి గాలి వచ్చే మాస్కు కావాలి. అది లేకపోతే ఇంట్లో కొట్టొద్దు.

రేడియేటర్‌కి నలుపు, ఒకే పల్చటి పూత. మందంగా వేస్తే సన్న రేకుల సందులు పూడి వేడి బయటికి పోదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోత ఇనుము. ఎనామిల్ మొదటి రోజే కాలిపోతుంది. రైస్ మిల్లు బాయిలర్ చిమ్నీలకి వేసే హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం పెయింట్ అడగండి, 600 డిగ్రీల రకం. మండపేట వైపు మిల్లులకి సరుకు వేసే పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. కింద ప్రైమర్ వేయకూడదు. తుప్పంతా తీసిన ఇనుము మీద నేరుగా, చాలా పల్చగా. మందంగా వేస్తే పెచ్చులు లేస్తుంది.

బ్రేక్ మాస్టర్ సిలిండర్ కింద రంగు పోయిందన్నారు కదా. అక్కడ గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ కారింది. అది ఏ ఎనామిల్‌నైనా వలిచేస్తుంది. కారడం ఆపకుండా రంగు వేయడం దండగ. ముందు సీళ్లు మార్పించండి. ఆ ఆయిల్ నీళ్లలో కలుస్తుంది కాబట్టి పెట్రోల్‌తో కాకుండా నీళ్లతో బాగా కడగండి.

ఎప్పుడు వేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆషాఢం, శ్రావణంలో వద్దు. కార్తీకంలో తుఫాను గాలి తిరుగుతుంటే వద్దు. థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద వాలి లాకర్ తెల్లగా పాలిపోతుంది. మా లెక్కలో గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, లోహం వేడి మంచు కురిసే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఇంట్లో మీటర్లు ఉండవు కాబట్టి ఇలా చేయండి. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా, పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి లోపు. పొద్దున్నే మంచు పడి రేకు చెమర్చి ఉంటుంది, అది ఆరాకే డబ్బా మూత తీయండి.

#28 పాత అంబాసిడర్

ఇంకొకటి మర్చిపోయేలోపు రాసేస్తాను. ఇంజిన్ నంబరు. ఈ ఇంజిన్లకి నంబరు బ్లాకు కుడివైపు చిన్న ప్లేటు మీద కొట్టి, రివెట్లతో బిగించి ఉంటుంది. ఒకాయన ఇంజిన్ దింపి బ్లాకుని కాస్టిక్ ట్యాంకులో వేయించాడు. ప్లేటు తిరిగి రాలేదు. ఆర్‌సీ కాగితం ఒక చేత్తో, ఖాళీ బ్లాకు ఒక చేత్తో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు పాపం. మీరు దింపడం లేదు గానీ, రంగు వేసేటప్పుడు దాని మీద టేపు వేయండి. వైరు బ్రష్ తగలనివ్వకండి.

#29 పాలకొల్లు టు డల్లాస్

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఉద్దేశం ఉంటే అది మరీ ముఖ్యం. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకి. బాడీ, ఛాసిస్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలని షరతు. ఇదే ప్రధాన వాహనంగా రోజూ తిరగడానికి మాత్రం ఆ రిజిస్ట్రేషన్ కుదరదు, ఆదివారాల అంతర్వేది ప్రయాణం పెట్టుకునే ముందు రూల్స్ చదువుకోండి.

#30 కోనసీమ రోడ్‌స్టర్

అప్‌డేట్ అండి. ఆలస్యానికి క్షమించాలి, డాక్టర్ గారి మాట ప్రకారం సంక్రాంతి దాకా ఆగాను.

థర్మోస్టాట్ హౌసింగ్ ఒక స్టడ్ దగ్గర ఎంతకీ రాలేదు, చివరికి చెవి దగ్గర కోసేశాం. స్టడ్‌లు మూడూ క్షేమం. కొత్త హౌసింగ్ వచ్చింది. నిమ్మ ఉప్పులో వేసిన క్లిప్పులు, బ్రాకెట్లు పేపర్ మీద పరిచాను. కొన్నింటి మీద తుప్పు పోయాక గొయ్యి మిగిలింది, అయినా లోహం గట్టిగానే ఉంది. ఎపాక్సీ ప్రైమర్, పైన నలుపు. గూడెం గారు రాకర్ కవర్‌ని అసలు మెరూన్‌కి దగ్గరగా కలిపిచ్చారు. లోపలి అర చుట్టూ టేపు తీశాక పట్టకారుతో గుడ్డ పట్టుకుని తుడిచి, నీళ్లు పోసి ఊపి చూశాను, ఏమీ రాలలేదు.

అన్నిటికంటే తేడా కనపడింది ఆర్ఓ నీళ్ల దగ్గర. ఒకే రకం బ్రాకెట్లు రెండు ఉంటే, ఒకటి బోరు నీళ్లతో, ఒకటి ఆర్ఓ నీళ్లతో ఆఖరి కడుగు కడిగి, రంగు లేకుండా షెడ్డులో వేలాడదీశాను. బోరు నీళ్లది మర్నాటికి అంచుల్లో ఎర్రబడింది. రెండోది దాదాపు అలాగే ఉంది.

ఇప్పుడు సందేహం. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే మానిఫోల్డ్ మీంచి తెల్లటి పొగ, ఘాటు వాసన. నిమిషంలోపే ఆపేశాను. పెయింటు పాడైపోయిందా?

#31 తుప్పు డాక్టర్

ఏమీ పాడవలేదు. మీరు వేసిన హీట్ రెసిస్టెంట్ పెయింట్ సిలికాన్ రకం, అది వేడికే గట్టిపడుతుంది, మొదటిసారి పొగ రావాల్సిందే. కాకపోతే ఒక్కసారిగా బాగా వేడెక్కనివ్వకండి. అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత పది నిమిషాలు. ఆ తర్వాత ఊళ్లో ఒక రౌండు. చల్లారేలోపు వేలు పెట్టి చూడకండి, ముద్ర పడిపోతుంది. షెడ్డు తలుపులు తీసి చేయండి. పక్కన పెట్రోల్ డబ్బా లేకుండా చూసుకోండి, కార్బురేటర్లు సరిగ్గా మానిఫోల్డ్ పైనే ఉన్నాయి.

#32 పాత అంబాసిడర్

చల్లారాక మానిఫోల్డ్ నట్లు ఒకసారి మళ్లీ బిగించండి. కొత్త గాస్కెట్ వేడికి కూర్చుంటుంది, నట్లు కాస్త వదులవుతాయి. ఇత్తడి నట్లు కాబట్టి బలం చూపించొద్దు.

#33 చెరువుగట్టు జీప్

మెరిపించిన డోము ఫొటో ఎక్కడ?